నిచ్చెన పట్టుకునే మనిషి

విల్సన్ నల్లబల్ల మీద నిలువుగా గీత గీసి, ఎడమవైపు పనులు, కుడివైపు ఖర్చులు పిల్లల చేత రాయిస్తున్నాడు. చేయి పైకెత్తినప్పుడల్లా కళ్లకు మసక కమ్ముతోంది. పొద్దున తలుపు పట్టుకుని నిలబడిపోతే చూసి, ఈరోజు పోవద్దంది భార్య సారా. ఆయన వినలేదు. మదనపల్లెలో ఆ కాలేజీ నాటక విభాగానికి ఆయన కాంట్రాక్టు మాస్టరు. అంతకుముందు కుప్పం దాకా ఊరూరా తిరిగి నాటకాలకు తెరలు కట్టాడు, లైట్లు వేశాడు. ప్రేక్షకులకు మాత్రం ఏనాడూ కనబడలేదు.

సాయంత్రం పుంగనూరులో పిల్లల మొదటి నాటకం. బడ్జెట్ ఇంకా కుదరలేదు.

"నిచ్చెన పట్టుకునే మనిషికి కూలి యాల రాయలేదమ్మా?" అని అడిగాడు.

"అది కొట్టేసినాం సార్. దాంతో మంచి మైకు వస్తాది," అంది రమ్యశ్రీ. "నిచ్చెన మేం పట్టుకోమా?"

"మేకప్పు ఏసుకునేటప్పుడు నేను గుర్తుంటానా మీకు?"

క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. ఊరూరా తిరిగిన రోజుల్లో ఇమాముద్దీన్ అనే కూలీ పట్టుకునేవాడు నిచ్చెన. పైనున్న మనిషి దిగేదాకా బీడీ కూడా ముట్టించేవాడు కాదు. ఆ సంగతి చెప్పబోయి పిల్లల మొహాలు చూశాడు. వెనక వరుసకు మాట వినబడకపోతే జనం ఎట్లా లేచిపోతారో ఆయనకు తెలుసు.

"సరే, కానీండప్పా," అన్నాడు.

పుంగనూరులో బస్సు దిగేసరికి గాలి లేచింది. హాలు పైకప్పు రేకులు దడదడలాడుతున్నాయి. వేదిక మీద కొత్తగా పరిచిన నున్నటి బండల మీద నిచ్చెన కాళ్లు నిలవడం లేదు. విల్సన్ గోనెసంచి మడిచి కింద పెట్టి, కాలితో తొక్కి చూశాడు. పిల్లలు మాట ప్రకారమే వంతులవారీగా నిచ్చెన పట్టుకున్నారు. లైట్లన్నీ బిగించాక మేకప్పుకు వెళ్లిపోయారు.

అప్పుడు చూశాడాయన. నాటకంలో రమ్యశ్రీ కూర్చునే కుర్చీ మీద వెలుతురు పడటం లేదు.

మేకప్పు గది గుమ్మం దాకా వెళ్లాడు. కళ్లు మూసుకున్న రమ్యశ్రీకి కనుబొమలు దిద్దుతున్నారు. పెదవులు కదులుతున్నాయి, మాటలు వల్లెవేసుకుంటోంది.

"ఏం సార్?" అంది అలికిడికి.

"ఏం లేదులేమ్మా. కండ్లు తెరవొద్దు."

ఒక్కడే ఎక్కాడు. చేతిలో పానా ఎవరి నెత్తినా పడకుండా లైట్లు బిగించిన పైపుకు పురికొసతో కట్టాడు. బోల్టు వదులుచేసి, లైటు తిప్పి, మళ్లీ బిగించాడు. కుర్చీ మీద వెలుతురు పడింది. కళ్లకు మసక కమ్మింది. కింద, మేకప్పు ముగించుకుని వచ్చిన యశ్వంత్ కొత్త మైకు పరీక్షిస్తున్నాడు.

"హలో... వెనకాలకి వినపడతాందా?"

హాలంతా మారుమోగింది. నిచ్చెన కాలు జారిన చప్పుడు విల్సన్ ఒక్కడికే వినిపించింది.

ఆసుపత్రికి తీసుకువెళ్లేలోపే ఆయన ప్రాణం పోయింది. నాటకం ఆడలేదు. మరునాడు మదనపల్లెలో సమాధి దగ్గర సారా రమ్యశ్రీ చేయి పట్టుకుని, మెల్లగా అడిగింది.

"నిచ్చెన ఎవురు పట్టుకోనుండారమ్మా?"



పుంగనూరు హాల్లో లైట్లు దించడానికి ఇంకా ఎవరూ ఎక్కలేదు. కిటికీలోంచి గాలి వచ్చినప్పుడల్లా, ఖాళీ వేదిక పైన, పురికొసకు వేలాడుతున్న పానా మెల్లగా తిరుగుతోంది.