ఐదు శాతం కాదు, రెట్టింపు

మా ఇంగ్లీషు కోచింగ్‌లో శాతాల మాస్టారి దగ్గర ముప్పై రెండు వాక్యాలున్నాయి. ఇంగ్లీషు పరీక్షలో ఏ బొమ్మ ఇచ్చినా, గీతలైనా, నిలువు పట్టీలైనా, ముక్కలు కోసిన చక్రమైనా, ఆ వాక్యాల్లోనే అంకెలు దూర్చి రాయాలి. పెరిగితే ఈ వాక్యం, తగ్గితే ఆ వాక్యం. నేను రెండుసార్లు చిలకలా అప్పజెప్పి వచ్చాను. తొమ్మిదికి ఏడు రావాల్సిన చోట రెండుసార్లూ ఆరే వచ్చింది.

ఏడు రాకపోతే నా ఉద్యోగం పోతుంది. పిల్లల వార్డులో పదకొండేళ్లుగా నర్సుగా చేస్తున్నాను. ఆసుపత్రికి కొత్త యాజమాన్యం వచ్చి, ఈ పరీక్ష తప్పినవాళ్లకు ఏడాది చివర ఉద్వాసనే అని తేల్చి చెప్పింది. ఇంకొక్క అవకాశం మిగిలింది. ఏడుస్తున్న పసివాడి చేతిలో నరం దొరకబుచ్చుకోవడం నాకు వచ్చు, దానికి ఇంగ్లీషులో మార్కులు ఎవరూ వెయ్యరు. కోపం రాదా మరి?

ఆ రోజు మాస్టారు బోర్డు మీద రెండు పట్టీలు గీశారు. ఒక ఊళ్లో సైకిల్ మీద పనికి వెళ్లేవాళ్లు మొదట ఐదు శాతం, తర్వాత పది శాతం. మేమంతా రాశాక కాగితాలు తీసుకుని నా దగ్గర ఆగారు.

"నర్సమ్మా, ఇదేంటి? 'రెట్టింపు అయ్యారు' అని రాశావు. ఐదు శాతం పెరిగారు అనాలి. పదకొండో వాక్యం!"

"ఐదు శాతం పెరగలేదు సార్. ఐదులో ఐదు శాతం ఎంత? పావు కదా! అంత పెరిగితే ఐదుంపావు అవుతుంది. ఇక్కడ పది అయింది. కావాలంటే ఐదు పాయింట్లు పెరిగిందనండి."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి.

"పరీక్ష ఇంగ్లీషుకమ్మా, లెక్కలకి కాదు."

"ఇంగ్లీషులో మాత్రం ఐదూ ఐదూ పది కాదా సార్?"

ఊరుకుని ఉండాల్సింది. కానీ నాకు మా వార్డు గుర్తొచ్చింది. ఒకసారి కొత్తగా చేరిన పిల్ల, ఐదు శాతం గ్లూకోజ్ సీసా పెట్టాల్సిన చోట పది శాతం సీసా తగిలించింది. చుక్కలు పడకముందే చూసి పైపు బిగించాను. "ఐదే కదక్కా ఎక్కువ," అంది బిక్కమొహం వేసుకుని. ఐదు కాదు, ఆ పసిగుడ్డు ఒంట్లోకి రెట్టింపు చక్కెర వెళ్లేది. ఇదంతా మాస్టారికి చెప్పాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు ఆయన తల అడ్డంగా ఊపారు.

"నా వాక్యాలు రాయనివాళ్లు నా క్లాసుకి రానక్కర్లేదు."

"అలాగే సార్," అని సంచీ భుజాన వేసుకుని వచ్చేశాను. పరీక్షకి ఇంకా పదహారు రోజులే ఉన్నాయి.

మా ఆయన బస్సు డ్రైవరు, గొడవలంటే గిట్టదు. "ఆయన చెప్పినట్టే రాసేస్తే నీ సొమ్మేం పోయింది?" అన్నాడు.

"రెండుసార్లు రాశాగా. ఏం ఊడిపడింది?"

"మొండిదానివి."

"మొండివాడు రాజుకన్నా బలవంతుడట. కూర్చో, నీ మీదే రాస్తాను."

వంటింటి బల్ల దగ్గరే చదువు మొదలుపెట్టాను. ముప్పై రెండు వాక్యాల కాగితం చింపి పారేశాను. ఎదురుగా ఏది కనిపిస్తే దాన్ని, ఎంత ఉంటే అంత, నాకొచ్చిన మాటల్లో రాశాను. వచ్చీరాని ఇంగ్లీషులో పైకి చదివి, మా ఆయనకి తెలుగులో చెప్పేదాన్ని.

"ఇంటిపనిలో నీ వాటా నూటికి పన్నెండు."

"పన్నెండేనా? నిరుడెంత?"

"ఆరు. రెట్టింపు అయింది, సంతోషించు."

ఆ పదహారు రోజుల్లో అది పద్దెనిమిదికి వెళ్లిందని కూడా ఒప్పుకోవాలి.

పరీక్షలో నీటి వాడకం మీద చక్రాలు ఇచ్చారు. నేను కలం పట్టుకుని చాలాసేపు వాటినే చూశాను. పొలాలకు ఎంత, ఇళ్లకు ఎంత, ఏది దేన్ని తినేసింది. అప్పుడు రాశాను. పక్కవాళ్ల కలాలు గబగబా పరిగెత్తుతున్నాయి. అయినా అరువు మాట ఒక్కటీ రాయలేదు.

ఏడు వచ్చింది. ఆ ఒక్క తెలివి వల్లే వచ్చిందని కోతలు కొయ్యను గానీ, వచ్చింది. వార్డు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

మర్నాడు మాస్టారే ఫోన్ చేశారు. "శభాష్ నర్సమ్మా! మంచి ఫోటో ఒకటి పట్టుకుని రా." వెళ్లాను. గెలిచినదాన్ని కదా, ఆమాత్రం గర్వం ఉండదా? ఆయన బల్ల మీద ప్రకటన కాగితం పరిచి ఉంది. పెద్దక్షరాలతో 'నూటికి నూరు శాతం ఉత్తీర్ణత' అని ఉంది. కింద నా ఫోటోకి ఖాళీ వదిలారు.

"నూరెలా వచ్చింది సార్? నేనే రెండుసార్లు తప్పాను కదా."

"తప్పినవాళ్లు కోర్సు పూర్తి చెయ్యనట్టే లెక్కమ్మా. వాళ్లని కలపం."

"అంటే ఆ రెండుసార్లూ నేను మీ నూటిలో లేనన్నమాట."

"లేవు. ఇప్పుడున్నావుగా!" అని నవ్వుతూ ఫోటో కోసం చెయ్యి చాపారు.

"అప్పుడు లెక్కలోకి రానిదాన్ని ఇప్పుడూ రాను సార్," అని ఫోటో సంచీలో పెట్టుకుని లేచాను.