అమ్మ నోటి కథ

"కథలు చెప్పడం కూడా ఒక పనేనా?" అన్నాడు మా ఆయన, నేను బట్టలు మడతపెడుతూ మర్నాటి పాఠం గురించి చెబుతుంటే. ఆయన చొక్కాలు మడతపెట్టడాన్ని కూడా ఆయన పని అనగా నేనెప్పుడూ వినలేదు.

నాలుగో తరగతికి నేనే టీచర్ని. తలో భాష మాట్లాడే ఇళ్ల నుంచి వస్తారు పిల్లలు. పుస్తకంలో మాత్రం కథలన్నీ ఒకే ఇంట్లో పుట్టినట్టుంటాయి. అందుకే ఇంట్లో విన్న కథ చెప్పమన్నాను. ఎవరి నోట విన్నారో ముందు చెప్పాలి, అదొక్కటే షరతు. దర్జీ కూతురు వాళ్ల అమ్మమ్మ చెప్పిన చేప కథను సగం వాళ్ల భాషలోనే చెప్పేసింది. అర్థం కాకపోయినా అందరూ నోరు తెరుచుకుని విన్నారు.

నా కూతురిదీ అదే తరగతి. "మా నానమ్మ చెప్పింది" అంటూ గడగడా ఓ కథ చెప్పింది. "మరి మీ అమ్మ కథ?" అని పక్క పిల్ల అడిగితే, "మా అమ్మకి కథలు రావు" అంది. క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను గానీ తల కొట్టేసినట్టయింది. ఆ రోజంతా ఏ పని మీదా మనసు నిలవలేదు. పిలిచిన హాజరే మళ్లీ పిలిచాను.

రాకేం! నా కూతురి మూడో ఏట, మా అమ్మ నాకు చెప్పిన కథే దానికి చెప్పాను. పిండి విసురుతున్న ఒక కోడలు, ఏరు ఎక్కడ పుడుతుందో చూడాలని పని వదిలేసి వెళ్లిపోతుంది. "ఆడపిల్లకి చెప్పే కథేనా ఇది? తిరిగొచ్చిందని చెప్పు" అంటూ మధ్యలోనే ఆపేసింది అత్తయ్య. "అలా చెబితే నీ సొమ్మేం పోయింది?" అన్నాడు ఈయన. పోయేది నా సొమ్మే మరి! మార్చి చెప్పడానికి మనసొప్పక కథలే మానేశాను. అమ్మ పోయాక ఆ కథ చివరిదాకా తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నేను నోరు మూసుకుంటే అదీ పోతుంది.

సాయంత్రం అందరికీ వడ్డించి నేనూ కూర్చున్నాను. "ఇది మా అమ్మ నోట విన్న కథ" అని కూతురికి చెప్పడం మొదలుపెట్టాను. మధ్యలో ఈయన "నీళ్లు" అన్నాడు. లేవలేదు. కథ ఆపలేదు. కోడలు ఏటి వెంటే నడిచి కొండెక్కేదాకా వచ్చాను.

"మరి ఇంటికెప్పుడొచ్చింది?" అంది కూతురు. ఈయన నా వైపే చూస్తున్నాడు.

"రాలేదమ్మా."

అత్తయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. నా వైపు చూడకుండానే అడిగింది.

"రాకపోతే పోనీ. ఇంతకీ ఏరు పుట్టేచోటు చూసిందా, లేదా?"