కొండకు అవతలి వైపు

పొద్దున్నే కొట్టు షట్టర్ పైకెత్తి, మిషన్ మీద కప్పిన గుడ్డ తీసి, చక్రానికి కాస్త నూనె వేసి, ఆ తర్వాత గుమ్మంలోకి వచ్చి కొండను తిట్టడం కత్తెరమ్మకు అలవాటైపోయింది. మొన్న మొన్నటిదాకా కొండ అక్కడ ఉండేది కాదు. ఊరి బయట, ఇస్త్రీ వీధి కూడా దాటిన తర్వాత ఉండేది. ఎండలు తగ్గే వేళకు మెల్లగా ఊరు చుట్టి వచ్చి, రెండు వీధులకూ మధ్యనున్న ఖాళీ జాగాలో, సరిగ్గా ఆమె కొట్టుకు తూర్పున కూర్చుంది. కొండ అన్నాక ఒకచోట ఉంటుందా ఏమిటని ఊళ్లో ఎవరూ దాన్ని వింతగా చెప్పుకోలేదు. ఎవరు పిలిస్తే వచ్చిందన్నదే అందరి అనుమానం.

కత్తెరమ్మకైతే అనుమానం పుట్టుకతో వచ్చింది. బేరానికొచ్చిన వాళ్లు ఎక్కువ మెచ్చుకుంటే జాకెట్టు బిగుతైందేమోనని అనుమానించే మనిషి. అలాంటిది ఎండనే దొంగిలించుకుపోయిన కొండను ఊరికే వదులుతుందా? మధ్యాహ్నం కావస్తేగాని కొట్లోకి వెలుతురు రావడం లేదు. బల్బు కింద కుడితే కళ్ల వెంట ఒకటే నీళ్లు. ఆ మధ్య ఒక పెద్దాయన కోటుకు కుడిచెయ్యి తీసుకెళ్లి ఎడమవైపు అతికించింది. ఆయన తొడుక్కుని అద్దం ముందు నిలబడి, తన ఒంట్లోనే ఏదో తేడా వచ్చిందనుకుని కంగారుపడ్డాడు. ఆ కథ వీధంతా పాకింది. బేరాలు పలచబడ్డాయి.

కొట్టు మూసి తమ దగ్గరికి వచ్చేయమని అన్నయ్య ఫోన్ చేశాడు. అన్నయ్య బంగారం. వదినా మంచిదే, కాకపోతే ఆ మంచితనాన్ని పూటపూటా గుర్తు చేస్తుంది. ఒంటి చేత్తో ఇన్నేళ్లు బతికి, చివరికి వదిన వంటింట్లో ఒక మూల ఉల్లిపాయలు తరుగుతూ కూర్చోవడం తలుచుకుంటేనే కత్తెరమ్మకు గుండెల్లో రాయి పడేది.

వార్డు మెంబరు ఈ మధ్య ఆమె కొట్టు ముందు రోజూ ఆగుతున్నాడు. ఇదివరకు ఓట్లప్పుడు తప్ప ఆగేవాడు కాదు. కొండను పిలిచింది ఎవరో కాదు, అవతలి వీధి ఇస్త్రీ అతనేనని ఆయన చెవిలో చెప్పినట్టు చెప్పాడు. పొద్దున్నే కొండ మీద బిందెలకొద్దీ నీళ్లు పోస్తాడట. ఊరికే ఎవరైనా పోస్తారా? కత్తెరమ్మకు నిజమే అనిపించింది. ఎండలో నిప్పుల పెట్టెతో పనిచేసే వాడికి నీడ కావాలి కదా, కొండను మచ్చిక చేసుకోబోతే అది దారి తప్పి తన నెత్తిన కూర్చుని ఉంటుంది.

"ఒక్క ఫిర్యాదు చెయ్యమ్మా, చాలు. కొండ వార్డులోకి వచ్చింది కాబట్టి ఎవరో ఒకరు అడ్డంగా ఉందని వార్డు సభ జరిగే హాల్లో చెప్పాలి. అప్పుడు నేను మిషన్లు తెప్పించి పగలగొట్టించేస్తా. నీ ఎండ నీకొస్తుంది," అన్నాడు మెంబరు.

అయితే ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. గోడైనా, కాలవైనా, కొండైనా సరే, ఫిర్యాదు చేసేవాళ్లు ఎవరి మీద అనుమానముందో వాళ్ల ఇంటికెళ్లి, వాళ్ల కిటికీ దగ్గర ఒక పగలంతా కూర్చుని రావాలి. అలా కూర్చోకుండా చెప్పిన మాట చెల్లదు. అది ఎవరు పెట్టిన పద్ధతో తెలియదు గాని, దానివల్ల ఊళ్లో సగం తగాదాలు మధ్యాహ్నం భోజనాల వేళకే చల్లారిపోయేవి. మిగతా సగం మాత్రం ఇంకా ముదిరేవి.

"ఆ తంతు కూడా కానిచ్చెయ్," అన్నాడు మెంబరు. "కాకపోతే అటువైపు ఎండ మహా చెడ్డది. నీ కళ్లు అసలే బాగాలేవు. కిటికీ తలుపు వేసుకుని కూర్చో. కిటికీ దగ్గర కూర్చోమన్నారు గాని, తీసి కూర్చోమని ఎక్కడా అనలేదుగా."

కత్తెరమ్మ తలూపింది. ఆయన వెళ్లిపోయాక ఆలోచనలో పడింది. ఓట్లప్పుడు తన పేరు కూడా గుర్తురాని మనిషికి తన కళ్ల మీద ఇంత శ్రద్ధ ఎందుకు పుట్టుకొచ్చింది?

మర్నాడు ఆమె మజ్జిగ సీసా సంచీలో పెట్టుకుని ఇస్త్రీ అతని ఇంటికి వెళ్లింది. అతను చెమటలు కక్కుతూ చొక్కాల కుప్ప ముందు నిలబడి ఉన్నాడు. రమ్మనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. కిటికీ దగ్గర స్టూలు వేసి, అది కుంటుతుందని మాత్రం చెప్పాడు. కూర్చున్న చోటునుంచి అతని చేతుల మీద కన్నేసి ఉంచింది కత్తెరమ్మ. అతను మాటిమాటికీ ఆమె సంచీ వైపు చూస్తున్నాడు. కాసేపటికి అతను బిందె తీసుకుని పెరట్లోకి వెళ్లడం చూసి, దొరికాడనుకుని కిటికీ తలుపు బార్లా తీసింది.

ఎదురుగా కొండ. కాని ఆమె రోజూ తిట్టే కొండ కాదు. ఆమె వైపునుంచి చూస్తే పచ్చగా, నిండుగా, బాగా తిని కూర్చున్న పెద్దమనిషిలా ఉండేది. ఇటువైపు ఒక భుజం మొత్తం లేదు. పైనుంచి కిందిదాకా ఎర్రగా తవ్వేసి ఉంది. మిషన్ల పళ్ల గాట్లు వరసలు వరసలుగా కనబడుతున్నాయి. చెట్ల వేళ్లు గాలిలో వేలాడుతున్నాయి. ఉండుండి ఇంత మట్టి దానంతటదే జారి పడుతోంది. ఇస్త్రీ అతను ఆ మట్టి మీద నీళ్లు చల్లుతున్నాడు.

"ఏం చేస్తున్నావ్?" అంది కత్తెరమ్మ.

"దుమ్మక్కా. తెల్లబట్టల మీద పడుతోంది. చల్లకపోతే అన్నీ మళ్లీ ఉతకాలి." బిందె కింద పెట్టి ఆమెకేసి తేరిపార చూశాడు. "ఏం, తెలియనట్టు అడుగుతావేం? తవ్వింది మీ వీధివాళ్లేగా. మెంబరు గారే చెప్పారు. మా నీడంతా లాక్కుపోయి మీ గుమ్మంలో పెట్టుకున్నారు. నీ మిషన్ చప్పుడుకే అది అటు వచ్చిందట."

తన మిషన్ చప్పుడుకు కొండ రావడమేమిటని కత్తెరమ్మకు నవ్వు రాబోయి ఆగిపోయింది. బిందె నీళ్లకు వచ్చిందని నమ్మింది తనే కదా. ఇప్పుడామెకు లెక్క తేలింది. కొండ ఊరి బయట ఉన్నన్నాళ్లూ ఈ భుజం మనుషులెవరూ పోని వైపు ఉండేది. రాత్రింబవళ్లు అటు తిరిగిన లారీలు మెంబరు బావమరిదివి. రోడ్డు పనికి కంకర అని చెప్పేవాళ్లు. వార్డులోకి వస్తే ఫిర్యాదు లేనిదే ఎవరూ చెయ్యి వేయలేరని ఎలా తెలుసుకుందో గాని, కొండ దెబ్బ తగిలిన వైపు దాచుకుని ఊళ్లోకి వచ్చి కూర్చుంది. దాన్ని తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి ఆమెకు సిగ్గేసింది. పొద్దుగూకేదాకా ఆ కుంటి స్టూలు మీదే కూర్చుంది. మజ్జిగ ఇద్దరూ తాగారు. అతను మాత్రం ముందు ఆమె తాగేదాకా ఆగి, తర్వాత తాగాడు.

వార్డు సభ నాడు హాల్లో జనం బాగానే పోగయ్యారు. మెంబరు ముందు వరసలో కూర్చుని, కత్తెరమ్మ నిలబడగానే అందరినీ ఊరుకోమన్నాడు.

"నాకు ఫిర్యాదేమీ లేదు," అంది కత్తెరమ్మ.

మెంబరు నవ్వు మొహం చెదరలేదు. "మరి నీ కొట్టు?"

"మూసేస్తాను. మా అన్నయ్యకు కబురు పెట్టాను."

"అదేం మాటమ్మా! ఎండ లేక నీ బతుకు బండలైందని నువ్వేగా అన్నావు?"

"అన్నాను. మీరు కిటికీ వేసుకుని కూర్చోమన్నారు, నేను తీసి కూర్చున్నాను. దాని భుజం తినేశారు మీరు. మిగతాది తినమని నా నోటితో చెప్పించాలనుకున్నారు. నేను చెప్పను."

హాల్లో గుసగుసలు లేచాయి. అవతలి వీధివాళ్లు కత్తెరమ్మ వీధిని చూశారు. కత్తెరమ్మ వీధివాళ్లు ఆమెను చూశారు. పచ్చగా ఉన్న కొండకు భుజం లేదంటుందేమిటి? ఇస్త్రీ అతను ఆమెకు ఏం ముట్టజెప్పాడో అని ఒకావిడ పక్కావిడతో అందరికీ వినబడేలా అంది. కోటు పెద్దాయనైతే ఆమె చూపు మీద తనకు ముందునుంచీ నమ్మకం లేదన్నాడు. తన వీధిలో తనే పరాయిదై కత్తెరమ్మ ఇంటికి నడిచింది. మెంబరు వెనక నుంచి, ఈమె కాకపోతే ఇంకొకరు చెబుతారని, తొందరేం లేదని అంటూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున అన్నయ్య ఆటో తీసుకుని వచ్చాడు. మిషన్ ఎత్తడానికి ఇద్దరూ షట్టర్ తీశారు. తీయగానే అన్నయ్య కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కొట్టు నిండా ఎండ పడింది.

కొండ అటునుంచి ఇటు తిరిగి కూర్చుంది. ఇన్నాళ్లూ దాచుకున్న వైపును ఈ వీధికి పెట్టింది. భుజం ఉండాల్సిన చోట ఏమీ లేదు, ఆ ఖాళీలోంచి సూర్యుడు నేరుగా కత్తెరమ్మ మిషన్ మీదికి వస్తున్నాడు. వీధిలో కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. నిన్న గుసగుసలాడిన ఆవిడ గుమ్మంలోకి వచ్చి, ఆ ఎర్రటి గాట్లను చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వీధి చివర మేడ మీద మెంబరు గారి కిటికీ తెరుచుకుని, వెంటనే మూసుకుపోయింది. ఆ తర్వాత కొండ అడ్డంగా ఉందని చెప్పడానికి ఆ వార్డులో ఆయనకు ఒక్క నోరూ దొరకలేదు.

అన్నయ్య మిషన్ మీద చెయ్యి వేశాడు. "మరి... వస్తావా?" అని అడిగాడు.

కత్తెరమ్మ మిషన్ ముందు కూర్చుంది. సూది తీసి దారం ఎక్కించబోయింది. ఒక్కసారికే ఎక్కింది. సంతోషంగా ఉంది. ఇంత సంతోషం ఎక్కడినుంచి వస్తోందో తెలిసినందుకు ఏడుపూ వస్తోంది. ఆమె లేచి, మూలనున్న బిందె అన్నయ్య చేతికిచ్చి, వీధి కుళాయిలో నీళ్లు పట్టుకు రమ్మంది.