మంగతాయారు ఎత్తిన రెండు కిలోలు

నేను ఒక డంబెల్‌ని. పోత ఇనుముతో చేసినదాన్ని, బరువు రెండు కిలోలు. అదే అచ్చులో పోసిన నా జత కూడా ఈ ఇంట్లోనే ఉంది. ఓర్పంతా దానికి పోయింది, కోపమంతా నాకు మిగిలింది. నన్ను చేసింది ఎత్తడానికి. ఈ చిన్న సంగతి కాకినాడలోని ఈ ఇంటివాళ్లకు అర్థం కావడానికి ఏళ్లు పట్టింది.

మమ్మల్ని కొన్నది ఈ ఇంటి అమ్మాయి హైమ. పెళ్లిలోపు చేతులు సన్నబడాలని కొంది. వారం తిరక్కుండానే విసుగొచ్చి వదిలేసింది. ఆమె అత్తారింటికి వెళ్లాక నా జతను ఊరగాయ జాడీ మూత మీద పెట్టారు. నన్ను సముద్రపు గాలికి హాలు తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టారు. వచ్చినవాడల్లా నన్ను తన్నుకుని, నన్నే తిట్టేవాడు.

హైమ తల్లి మంగతాయారు. ముప్పై ఏళ్లు టిఫిన్ సెంటర్ నడిపిన మనిషి. పొయ్యి మీంచి ఇడ్లీ గిన్నెలు ఒక్కతే దింపేది. అరవై దాటాక దుకాణం మూసేసి కూర్చుంది. ఒకరోజు స్నానాలగదిలో జారి, నేలకు చెయ్యి ఆనించింది. మణికట్టు విరిగింది. అంతమాత్రానికే విరగడమేమిటని డాక్టరమ్మ స్కాన్ తీయించింది. ఎముకలు గుల్లబారుతున్నాయని తేలింది.

"జబ్బుకు హద్దు మీద ఉన్నారు. ఒక్క ఏడాది మందుల్లేకుండా చూద్దాం. బరువులెత్తాలి, నడవాలి, తిండి మార్చాలి, కాస్త ఎండ తగలాలి. అప్పటికీ ఎముక తరుగుతుంటే మాత్రం మందు తప్పదు" అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చాక ఆ మాటల్లో 'ఎముకలు గుల్ల' అన్న ముక్క తప్ప ఇంకేమీ మిగల్లేదు. భర్త భాస్కరం, రిటైరైన డ్రాయింగు మాస్టారు, ఆమెను కుర్చీలోంచి లేవనివ్వలేదు. మంచినీళ్ల చెంబు కూడా ఆయనే ఎత్తిచ్చేవాడు. తోటికోడలు రత్నమాణిక్యం ఏదో నూనె సీసా తెచ్చింది. "రాసుకుని పడుకో అక్కయ్యా, ఎముకలు ఇనుమైపోతాయి" అంది. ఇనుమంటే నేనే కదా. తలుపు దగ్గర కూర్చుని వింటున్నాను.

కట్టు విప్పి, మణికట్టు బాగా కుదిరాక, వ్యాయామం నేర్పడానికి ఫిజియోథెరపిస్టు నజీమా వచ్చింది. మొదట్లో ఎత్తమని చేతికి నీళ్ల సీసా ఇచ్చింది. నడుం వంచి బరువులెత్తవద్దని, వీపు నిటారుగా ఉంచాలని గట్టిగా చెప్పింది. కొన్ని వారాలయ్యాక "ఇంట్లో డంబెల్స్ ఏవైనా ఉన్నాయాండీ?" అని అడిగింది.

"లేవమ్మా, కొనాలి" అన్నాడు భాస్కరం, నా మీద కాలు ఆనించి.

నజీమా నవ్వాపుకుని కిందికి చూపించింది.

ఆ రోజు మంగతాయారు నన్ను ఎత్తింది. పళ్లు బిగబట్టింది, కానీ ఎత్తింది. ఆ తరువాత వంటగట్టు పట్టుకుని మడమలెత్తడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, మేడమెట్లు ఎక్కడం మొదలయ్యాయి. పొద్దున్నే రాగిజావ, మధ్యాహ్నం మునగాకు పప్పు, దొరికినరోజు ముళ్లతో సహా నమిలే చిన్న నెత్తళ్ల చేపలు. ఆమె ముఖంలోకి కళ వస్తోంది. అంతలో ఒకరోజు భాస్కరం మా ఇద్దర్నీ తీసుకెళ్లి మంచం కింది ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

పాత దుప్పట్ల మధ్య పడి ఉన్న నాకు ఇల్లంతా వెతుకుతున్న ఆమె అడుగులు వినిపించాయి.

"ఎక్కడ పెట్టేశారండీ?"

"నీ మంచికే తాయారూ. కాలు మీద పడితే?"

"పడలేదు గదండీ!"

"మా అమ్మ తుంటి విరిగి, మళ్లీ లేవకుండానే పోయింది. అది నేను చూశాను."

"చూసింది మీరు. లేపి కూర్చోబెట్టింది, ఒళ్లు తుడిచింది, పక్క మార్చింది నేను." అంది మంగతాయారు. "భయపడి ఆవిడ్ని కూడా ముందునుంచీ కదలనివ్వలేదు మీరు. ఇప్పుడు నన్ను కూర్చోబెడుతున్నారు. రేపు నేను పడితే నన్ను మోసేదెవరండీ, మీరా? మీకే లేచేటప్పుడు గోడ కావాలి. తాళం ఇయ్యండి."

పెట్టె తాళం తిరిగింది.

అప్పట్నుంచి ఆయన పక్కనే నిలబడేవాడు. ఆమె నన్ను ఎత్తినప్పుడల్లా మోచేతి కింద తన అరచెయ్యి పెట్టేవాడు. బరువు మోసేది ఆమె కండా, ఆయన చెయ్యా తెలిసేది కాదు. "చెయ్యి తీయండి" అని ఆమె అరవడం, ఆయన అంగుళం తీయడం. ఏడాదంతా ఇదే గొడవ. ఇనుముకు తలనొప్పి రాదని ఎవరన్నారో గాని, నాకు వచ్చింది.

ఏడాదికి మళ్లీ స్కాన్ తీశారు. తుంటి దగ్గర ఎముక తరగలేదు. వెన్నులో కాస్త మెరుగు. "నిలబెట్టుకున్నారు, ఈ వయసులో అది చిన్న విషయం కాదు. ఇలాగే కానివ్వండి, మళ్లీ చూద్దాం" అంది డాక్టరమ్మ.

ఇంట్లో ఎవరికీ ఆనందం చాలలేదు. "అంతేనా?" అన్నాడు భాస్కరం. "నా నూనె వల్లే" అంది రత్నమాణిక్యం. ఆ సీసా మూత ఇంకా తీయనే లేదు.

ఆ రోజే డాక్టరమ్మ భాస్కరం వంగిన వీపు చూసి, ఆయనకూ ఓ స్కాన్ రాసిందట. ఫలితం వచ్చింది. భార్యను కదలనివ్వకుండా కాపలా కాస్తూ తానూ కదలని మనిషి ఎముకలు ఆమె ఎముకలకంటే గుల్లగా ఉన్నాయి. ఆయనకు మాత్రం మందు రాశారు, దానితోపాటు వ్యాయామం కూడా.

ఆ సాయంత్రం ఆయన మంచం అంచున తల వంచుకుని కూర్చున్నాడు. మంగతాయారు ఏమీ దెప్పలేదు. నజీమాకు ఫోన్ చేసి, ఎలా మొదలుపెట్టాలో అడిగింది. కొన్ని వారాలపాటు ఆయన చేత నీళ్ల సీసా ఎత్తించింది. తాను బజారుకెళ్లి మూడు కిలోల జత తెచ్చుకుంది. ఇవాళ పొద్దున నన్ను తీసి ఆయన చేతిలో పెట్టింది.

"బరువుగా ఉందే తాయారూ!"

"ఉండాలనే గదండీ. ఎత్తండి."

ఎత్తాడు. చెయ్యి గజగజ వణికింది. ఆమె పక్కనే నిలబడింది, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని.