తెరిచిన కిటికీల లెక్క

ముసునూరులో అన్నగారి పెంకుటిల్లు పీకించి శ్లాబ్ వేయించింది వెంకటకృష్ణారావే. బెజవాడలో ఇంజనీరింగ్ పాఠాలు చెప్పే మనిషి, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. ఎండ శ్లాబ్‌లోంచి ఎంత దిగుతుందో, గోడల లోపలివైపు ఎంత కాగుతుందో లెక్కకట్టాడు. పగటి వేడిని రాత్రి కిటికీల గాలి లాగేస్తుందని, పెంకుటిల్లంత చల్లగా ఉంటుందని తేల్చాడు. అన్న బసవపున్నారావు నసిగాడు. తల్లిలేని మరిదిని పెంచిన వదిన సుబ్బరత్నమ్మ మాత్రం, "మన కిష్టుడు లెక్కేశాక ఇంకేంటండీ" అని ఒప్పించింది.

ఎనభైనాలుగు మే నెలలో ఆవిడ ఆ ఇంట్లోనే స్పృహతప్పి పడిపోయింది.

కృష్ణారావు నూజివీడు ఆసుపత్రికి పరిగెత్తేసరికి కళ్ళు తెరిచింది. అతనికి ముందు తన లెక్కే గుర్తొచ్చింది, ఏం మనిషో.

"రాత్రిళ్ళు కిటికీలు తీసే ఉంచావు కదా వదినా?"

"ఎలా తీస్తానురా? మామిడికాయ దిగేదాకా మగాళ్ళంతా తోట కాపలాకేగా పోయేది. ఒంటరి ఆడదాన్ని, గడియలు పెట్టుకునే పడుకుంటాను. ఊళ్ళో ఏ ఇంట్లోనైనా అంతే."

ఆ సంగతి అతని లెక్కలోనే లేదు. ఊహ తెలిసినప్పటి నుంచి మామిడికాపు రాత్రులన్నీ అన్న పక్కన, తోటలో నులకమంచం మీదే పడుకున్నాడు. ఆ రోజుల్లో ఇంట్లో ఆడవాళ్ళు ఎలా పడుకుంటారో ఏనాడూ చూడలేదు, అడగనూ లేదు. కిటికీలు మూసినా పెంకుల సందుల్లోంచి వేడి పైకి పోయేది. శ్లాబ్‌కి సందులెక్కడివి?

"ఉడికిపోతున్నానని ఒక్క ముక్క చెప్పొచ్చుగా వదినా."

"చెబితే మీ అన్న నిన్నేమంటాడోనని. చల్లగానే ఉందన్నాను. నువ్వూ అనకు. నీ లెక్క బానే ఉందిరా, తలుపులు బిగించుకుంది నేనేగా."

మర్నాడే ఆవిడ పోయింది. వడదెబ్బన్నారు జనం. అసలావిడ ఆ వారమంతా గడప దాటి ఎండలోకే వెళ్ళలేదు. తన తెలివే ఆవిణ్ణి చంపిందని కృష్ణారావు లోపల కుళ్ళికుళ్ళి ఏడ్చాడు.

దినకర్మలయ్యాక అన్నతో అంతా చెప్పేద్దామని దగ్గరకెళ్ళి కూర్చున్నాడు. అతను నోరు తెరిచేలోపే బసవపున్నారావు తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు.

"బాధపడకురా. నీ పుణ్యమా అని ఆఖరి వేసవన్నా చల్లటి ఇంట్లో గడిపింది. నోరారా చెప్పుకుని మురిసిపోయేది."