గొడ్రాలు రాణి ఆఖరి రంగం

"ఆ ఇంట్లో మొగుడొకడు, పెళ్ళాలు ముగ్గురు. పొద్దు వాలితే చాలు, ఇద్దరు కలిసి మూడోదాన్ని పీక్కుతింటారు. అది చాలక డోళ్ళవాళ్ళను కూడా పెట్టుకున్నారు" అందట మా ఎదురింటి రిసీ వాళ్ళమ్మ. అలసంద వడలు వేయిస్తూ నీళ్ళమ్మే మనిషితో అందట. నీళ్ళమనిషి మా వంటమనిషి చెవిన వేసింది. వంటమనిషి నాకు చెప్పి కడుపు పట్టుకుని నవ్వింది. "ఒక్కో తిట్టుకూ ఒక్కో దరువంట! డబ్బున్నోళ్ళ పోట్లాటలే వేరు, అని కూడా అందయ్యా" అని ఆఖరి ముక్క దాచిపెట్టి మరీ చెప్పింది.

నేనూ నవ్వాను. రిసీ వాళ్ళమ్మ విన్నది పోట్లాట కాదు, కొత్త ఆటకు రిహార్సల్. కాకపోతే ఆ సాయంత్రం వాకిట్లో నిలబడి మళ్ళీ విన్నాక, ఆమె చెప్పినదాంట్లో పెద్ద తప్పేమీ కనిపించలేదు నాకు.

లాడెజో పాటల నాటక సంఘం పేరు మా ఊరు ఒషోగ్బోలోనే కాదు, లారీ పోయే ప్రతి ఊళ్ళోనూ తెలుసు. లాడెజోను మేమంతా ఓగా అంటాం, అంటే యజమాని. నేను, జిమో అనేవాణ్ణి, సంఘం వ్యాను నడుపుతాను, దాని నెత్తిన మైకు పెట్టి ఆట సంగతి ఊరంతా చాటుతాను, రాత్రికి ఏ మంత్రి వేషమో దొంగ వేషమో కట్టుకుంటాను. ఆడ వేషాలు మాత్రం ఓగా పెళ్ళాలవే. ఏ పిల్లయినా బాగా పాడుతోందని తెలిస్తే వేరే సంఘంవాడు ఎగరేసుకుపోకుండా ఓగా ముందే పెళ్ళి చేసేసుకుంటాడు. పెళ్ళాం జీతం అడగదు, ఒప్పందం తెంచుకుని పోదు. మా వృత్తిలో అందరూ చేసేదే, ఎవరూ వింతగా చూడరు.

పెద్దావిడ డేలే వాళ్ళమ్మ. రెండో ఆవిడ వురా వాళ్ళమ్మ. మూడో ఆవిడ అవెరో. అంతే, అవెరో. బిడ్డను కన్నదాన్ని బిడ్డ పేరుతోనే పిలవాలి కదా, ఇంకోలా పిలిస్తే మూతి పగలగొడతారు. ఈమెకు కాన్పు లేదు. అందుకని పుట్టినప్పుడు పెట్టిన పేరే మిగిలిపోయింది. నిన్నగాక మొన్న చేరిన తాళాలవాడు కూడా "అవెరో, కాసిని మంచినీళ్ళు" అంటాడు. గొంతు విషయానికొస్తే ఆ ఇద్దరి గొంతులూ కలిపి ఈమె కాలిగోటికి సరిపోవు. జనం ఈమె పాట కోసమే వస్తారు. ఆ సంగతి ఆ ఇద్దరికీ తెలుసు.

పోయినేడు వేసిన ఆట బొక్కబోర్లా పడింది. జనం మధ్యలోనే లేచి ఇంటికి పోయారు. ఆ మంట చల్లారకముందే ఓగా కొత్త కథ అల్లాడు. రాజుకు ముగ్గురు రాణులు. ఇద్దరికి పిల్లలున్నారు, మూడోదానికి లేరు. ఇద్దరూ ఏకమై దానిమీద మంత్రగత్తె అని నింద వేసి గెంటిస్తారు. అది ఓషున్ నది ఒడ్డున కూలబడి ఏడుస్తుంది. నది కనికరించి ఆడెటోలా అనే బిడ్డనిస్తుంది. ఆఖరి రంగంలో ఆ బిడ్డను వీపున కట్టుకుని కొలువుకు తిరిగొస్తుంది. అందరూ మోకాళ్ళ మీద వంగి "ఆడెటోలా వాళ్ళమ్మా, దయచెయ్యి" అని పాడతారు. తెర. ఆటపేరు 'నది ఇచ్చిన బిడ్డ'.

వేషాలు పంచడానికి ఓగా పెద్దగా ఆలోచించాల్సిన పని లేకపోయింది.

మా ఆటలకు రాత ఉండదు. పాటలు ఓగా కట్టి నేర్పుతాడు. మాటలు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. ఆయన కుర్చీ వేసుకుని "కానీండి" అంటాడు. మేం నోటికొచ్చింది అంటాం. చప్పగా ఉంటే చెయ్యి విసురుతాడు. గుచ్చుకుంటే "ఉంచు" అంటాడు. ఉంచు అన్నాడంటే ఇక శిలాశాసనమే, ప్రతి ఊళ్ళో ప్రతి ఆటకీ ఆ మాట అలాగే రావాలి.

మొదటి రోజు ఆ ఇద్దరూ పాతకాలం రాణుల్లా తిట్టారు. ఎండిన సొరబుర్ర అని, గింజ పట్టని మొక్కజొన్న అని.

ఓగా ఆవులించాడు. "ఇదేం తిట్టడమే? బడిపిల్లలు పద్యం అప్పజెప్పినట్టుంది. వంటింట్లో నేను లేనప్పుడు తిట్టుకుంటారే, అది తెండి ఇక్కడికి."

వురా వాళ్ళమ్మ కాసేపు తటపటాయించింది. తర్వాత నడుం మీద చెయ్యి వేసుకుని, "మూడు పూటలా మా పిల్లల కంచాల్లో మిగిలింది తింటావు, నీ కంచంలో మిగిలింది తినడానికి ఎవరున్నారే?" అంది.

"ఉంచు!" అన్నాడు ఓగా, తొడ చరిచి.

దాంతో గేటు తెరిచినట్టయింది. పెద్దావిడ ముందుకొచ్చింది. "నా కొడుక్కి తట్టు పోసినప్పుడు వాడి మంచం వదల్లేదు నువ్వు. చూసీ చూసీ వాణ్ణి సగం చేశావు. నీ చూపు తగిలితే కోడి కూడా గుడ్డు పెట్టదు."

డోలు కూడా ఒక్క క్షణం తడబడింది. డేలేకు తట్టు పోసింది నిజం. తల్లి మాతో ఊళ్ళు తిరుగుతుంటే వాడి మంచం పక్కన కూచుని వేపుడు చేపల వాసన కూడా పడనివ్వకుండా కాపాడింది అవెరో. వాకిట్లో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. పెద్దావిడకు అందరికంటే ఎక్కువ తెలుసు.

"ఉంచు" అన్నాడు ఓగా. ఈసారి మెల్లగా, నోరూరినవాడిలా.

అవెరో మాత్రం రాణి ఎక్కడ తల దించాలో అక్కడ దించింది, ఎక్కడ పాట ఎత్తుకోవాలో అక్కడ ఎత్తుకుంది. రోజూ అంతే. రోజూ ఆ ఇద్దరూ ఇంట్లోంచి ఇంకో ముక్క తవ్వి తెచ్చేవాళ్ళు, ఓగా ఏరి ఉంచేవాడు. ఇదంతా ఎలా దిగమింగుతోందా అనుకున్నాను. వ్యానులో పక్కన కూచున్నప్పుడు తనే బయటపెట్టింది.

"జిమో అన్నా, నిన్ను ఇంకా మేకల దొంగా అంటారా ఇబాదాన్‌లో?"

"అనడమేంటి? నేను వీధిలోకి దిగితే ఆడవాళ్ళు మేకల్ని లోపల కట్టేస్తారు. ఆ వేషం వేసి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు."

అది మా జనం తీరు. స్టేజీ మీద ఎవరిని చూస్తే సంతలో కూడా వాళ్ళనే చూస్తారు. జడ్జి వేషం వేసినవాడికి పోలీసులు సలాం కొడతారు. మా సంఘంలో కుష్టువాడి వేషం వేసిన గనీయు అనేవాడి పెళ్ళాం రొట్టెలమ్ముకునేది. ఆ ఆట తర్వాత ఆమె చేతి రొట్టె కొనేవాడు లేక బేరం మానేసింది.

"మరి ఆఖరి రంగంలో బిడ్డతో వస్తాను కదా" అంది అవెరో, కిటికీలోంచి బయటికి చూస్తూ. "పాటంతా ఆడెటోలా వాళ్ళమ్మా, ఆడెటోలా వాళ్ళమ్మా అనే కదా. జనం అదే పట్టుకుంటారు కదన్నా?"

"పట్టుకుంటారు."

"ఏ ఊరెళ్ళినా?"

"ఏ ఊరెళ్ళినా."

నవ్వింది. పళ్ళు కనిపించేలా నవ్వగా అప్పుడే చూశాను. ఆఖరి రంగానికి వురా వాళ్ళమ్మ చంటిపిల్లను ఎరువిచ్చేది, సణుక్కుంటూనే. ఆ పిల్ల అవెరో వీపు మీద గుడ్డ బిగించగానే కిక్కురుమనకుండా నిద్రపోయేది. రంగం అయిపోయాక కూడా అవెరో గుడ్డ విప్పడానికి తాత్సారం చేసేది. "అరిగిపోతుందే నా పిల్ల, దించు" అని తల్లి వచ్చి లాక్కునేది.

మొదటి ఆటకు ముందు శనివారం టీచర్ల ట్రైనింగ్ కాలేజీ హాల్లో ఒకసారి ఆడి చూశాం. గెంటేసే రంగంలో జనం గుడ్లప్పగించారు. డేలే వాళ్ళమ్మ తట్టు మాట అన్నప్పుడు ఆడపిల్లలు ఎక్కిళ్ళు పెట్టారు. అవెరో నది ఒడ్డున కూలబడి గొంతెత్తినప్పుడు వెనక బెంచీలో ఒక మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ తర్వాత బిడ్డ వచ్చింది. "ఆ నది ఎక్కడుందో మా ఆవిడక్కూడా చెప్పండి!" అని ఒకడు అరిచాడు. అందరూ గొల్లుమన్నారు. ఆడెటోలా వాళ్ళమ్మా అనే పాట మొదలయ్యేసరికి సగం మంది లారీ అందుకోవాలని లేచారు. ఓగా తెర పక్కన నిలబడి ఇదంతా చూశాడు.

మొదటి ఆట రోజు పొద్దున్నే నన్ను పిలిచాడు. పెయింటరు అప్పటికే వ్యాను మీది బోర్డు చెరిపి కొత్తది రాస్తున్నాడు.

"మైకులో పేరు మార్చు జిమో. 'గొడ్రాలు రాణి' అని చాటు."

"మరి ఆఖర్న బిడ్డ వస్తుంది కదా ఓగా?"

"రాదు. గెంటేస్తారు, ఒడ్డున కూచుని ఏడుస్తుంది, తెర. జనం ముక్కు చీదుకుంటూ బయటికి పోవాలి. రేపు ఇంకో పదిమందిని తోలుకురావాలి."

"అవెరోకు చెప్పారా?"

"తెర ఎక్కడ పడుతుందో తెర లాగేవాడికి తెలిస్తే చాలు."

నేను వ్యాను తీశాను. రాజుగారి సంత దగ్గర వేగం తగ్గించి, అలవాటైన గొంతుతో మొదలుపెట్టాను. "రండి బాబూ రండి, లాడెజో సంఘం వారి సరికొత్త పాటల ఆట, గొడ్రాలు రాణి! మీ కంటతడి పెట్టించే గొడ్రాలు రాణి! పాడేది మీ అవెరో!" మిరపకాయల వరస దాటాక జడలల్లేవాళ్ళ పాకలో అవెరో కనిపించింది. ఆఖరి రంగానికని రాణి జడలు వేయించుకుంటోంది. ఒక పక్క అయింది, ఇంకో పక్క దువ్వెన దిగేసి ఉంది.

జడలల్లే మనిషి చేతులు చరిచింది. "ఏమే, గొడ్రాలు రాణి నా చేతికిందే ఉంది! రండే, చూద్దురు గాని!" టొమాటోలమ్మేవాళ్ళు, ఉల్లిపాయలమ్మేవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. "గొడ్రాలు రాణీ, మాకోసం ఒక పాట! గొడ్రాలు రాణీ, ఇటు చూడు!" ఎవరి మనసులోనూ విషం లేదు. ముద్దుగానే పిలిచారు. ఒకావిడ ఆమె ఒళ్ళో రెండు నారింజపళ్ళు కూడా పెట్టింది.

అవెరో నావంక చూసింది. నేను మైకు నోటి దగ్గరే పెట్టుకుని పక్క వీధిలోకి తిప్పేశాను. చాటాల్సిన వీధులు ఇంకా చాలా ఉన్నాయి.

నేను ఇంటికొచ్చేసరికి అందరూ వాకిట్లోనే ఉన్నారు. పెద్దావిడ బొగ్గుల పెట్టెతో రాణుల బట్టలు ఇస్త్రీ చేస్తోంది. వురా వాళ్ళమ్మ పిల్లకు పాలిస్తోంది. డోళ్ళవాళ్ళు తోళ్ళు ఎండకు పెట్టుకుని కూచున్నారు. ఓగా దంచిన కందగడ్డ ముద్ద తింటున్నాడు. అవెరో సగం జడలతో, సగం రేగిన జుట్టుతో వచ్చి ఆయన ముందు మోకాళ్ళ మీద కూచుంది.

"డేలే వాళ్ళ నాన్నా, ఆఖరి రంగం ఉంచండి."

"ముందు పోయి ఆ తల అల్లించుకుని రా. దయ్యంలా ఏంటది?"

"చిన్న పాటే కదా. పొడుగనిపిస్తే సగం కోసెయ్యండి. ఆ పిలుపొక్కటి ఉంచండి, చాలు."

"నువ్వు చూళ్ళేదా మొన్న? గెంటేస్తే ఏడ్చారు. బిడ్డ వస్తే ఇకిలించారు. నా పొట్ట కొట్టే రంగం నాకెందుకే?"

"నాకు మంచిదే" అంది వురా వాళ్ళమ్మ పిల్లను భుజం మార్చుకుంటూ. "దీనికి జలుబు. ఎవరి వీపుకో కట్టి ఊరూరూ తిప్పే బాధ తప్పింది."

పెద్దావిడ ఇస్త్రీ ఆపింది. "పోనీ ఒక్క చరణం..." అని మొదలుపెట్టింది. ఓగా తలెత్తి చూశాడు. ఆవిడ మళ్ళీ పెట్టె కదిలించింది.

"రోజూ వీళ్ళేమన్నా పడ్డాను" అంది అవెరో. "పడమన్నారు, పడ్డాను. తట్టు మాట కూడా పడ్డాను. చివర్న ఆ పిలుపుందని పడ్డాను. ఇవాళ తెర అక్కడ పడిందంటే రేపట్నుంచి ఏ సంతకెళ్ళినా గొడ్రాలు రాణీ అనే పిలుస్తారు నన్ను. జిమో అన్నను అడగండి, ఈ పేర్లు చచ్చేదాకా వదలవు. పొద్దున అప్పుడే మొదలెట్టారు. ముసలిదాన్నయ్యాక కూడా చిన్నపిల్లలు నన్ను గొడ్రాలా అంటారు."

ఓగా ముద్ద చిదిమి, గుండ్రంగా చుట్టి, పులుసులో ముంచాడు.

"ఇప్పుడు మాత్రం ఇంకేమంటున్నారు నిన్ను?"