నామ్చేలో ఆగిన రోజు

తప్పులుంటే మన్నించండి. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను, నెమ్మదిగా రాస్తాను.

ఖాట్మండులో పదిహేనేళ్ళు ఉన్నాక, పైన ఎవరెస్టు కొండల్లో, దింగ్బోచే ఊళ్ళో అక్క మంచం పట్టిందని కబురొచ్చింది. దారిలో నామ్చే ఊరు చేరగానే, మర్నాడే పైకి పోదామన్నాను. గైడు పని చేసే మేనకోడలు యాంగ్జీ ఒప్పుకోలేదు.

“రేపు ఇంకా ఎత్తున ఉన్న ఖుమ్‌జుంగ్ లోయదాకా ఎక్కి, మళ్ళీ ఇక్కడికే వచ్చి పడుకుందాం అత్తా. ఒంటికి ఎత్తు అలవాటవ్వాలి.”

“అదంతా కొండలు చూడొచ్చే తెల్లవాళ్ళకి. నేను జడలబర్రెల మధ్య పుట్టినదాన్ని.”

“పుట్టావులే. ఇప్పుడు మేడ మెట్లెక్కడానికే రెండుసార్లు కూర్చుంటున్నావు.”

కోపంగానే బయల్దేరాను. లోయలో దారి చదునుగానే ఉంది, పిల్లలు దాని మీదే బడికి పరుగెత్తుతున్నారు. నేను మాత్రం మంత్రాలు చెక్కిన మణిరాళ్ళ గోడ దగ్గర తల పట్టుకుని కూలబడి, వాంతి చేసుకున్నాను. యాంగ్జీ నవ్వలేదు. చెయ్యి పట్టుకుని నామ్చేకి దింపి, వెల్లుల్లి చారు తాగించింది.

రెండు రోజులు ఆగి, మెల్లగా ఎక్కాం. అక్క నన్ను గుర్తుపట్టింది.

“ఇంత ఆలస్యమా పిల్లా?”

“కాళ్ళు నావే అక్కా, నడిపించింది ఇది.”

అక్క ఇంకా తొమ్మిది రోజులు బతికింది. ఆ తొమ్మిది రోజులూ నాకు యాంగ్జీ ఇచ్చినవే.

ఆంగ్ ఫుటి, అరవై ఎనిమిదేళ్ళు, బౌద్ధ స్తూపం దగ్గర, ఖాట్మండు.